గడువుకు ముందే ఇల్లు ఖాళీ చేస్తే

పదకొండు నెలలకు ఒప్పందం రాసుకున్న అద్దెదారు నాలుగో నెలలోనే ఇల్లు వదిలి వెళ్తామని చెప్పినప్పుడు రెండు ప్రశ్నలు తలెత్తుతాయి. గడువు తీరకుండా వెళ్లే హక్కు వారికి ఉందా అన్నది మొదటిది. మిగిలిన కాలానికి ఎవరు ఎంత భరించాలి అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు ఒప్పంద పత్రంలోనూ, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోనూ ఉంటుంది. రెండోదాన్ని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం తేలుస్తుంది. తెలుగు రాష్ట్రాల పట్టణాల్లో ఈ తగాదాలు ఎక్కువగా అడ్వాన్స్ చుట్టూ తిరుగుతాయి. యజమాని దాన్ని జరిమానాగా పట్టి ఉంచుతారు. అద్దెదారు దాన్ని చివరి నెలల అద్దె కింద జమకట్టుకుని వెళ్లిపోతారు. చట్టం ఈ రెండింటిలో దేన్నీ సమర్థించదు. ఒప్పందం మధ్యలో తెగినందువల్ల నిజంగా ఎంత నష్టం వచ్చింది, దాన్ని తగ్గించడానికి ఏ ప్రయత్నం జరిగింది అన్న రెండు విషయాలే చూస్తుంది.

ఒప్పందం ఏ రకానిది

ముందుగా చూడవలసింది గడువు, రిజిస్ట్రేషన్. ఏడాదికి మించిన గడువున్న లీజును రిజిస్టర్ చేయించి తీరాలని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. హైదరాబాద్‌లోనూ, విజయవాడ, విశాఖపట్నాల్లోనూ పదకొండు నెలల అగ్రిమెంట్లు వాడుకలోకి రావడానికి కారణం ఇదే. మూడేళ్ల గడువు స్టాంపు కాగితం మీద రాసుకుని రిజిస్టర్ చేయించకపోతే ఆ గడువు న్యాయస్థానంలో నిలవదు. అంతమాత్రాన అద్దె సంబంధమే లేకుండా పోదు. రిజిస్టర్ కాని అయిదేళ్ల లీజు కేసులో సుప్రీంకోర్టు 2000లో ఈ విషయం స్పష్టం చేసింది. ఇల్లు అప్పగించి, అద్దె తీసుకుంటున్నప్పుడు దాన్ని నెలసరి అద్దెగా భావించాలని చెప్పింది.

దీని ఫలితం చాలామంది యజమానులు ఊహించనిది. నెలసరి అద్దెను 106వ సెక్షన్ ప్రకారం ఏ పక్షమైనా పదిహేను రోజుల నోటీసుతో ముగించవచ్చు. అంటే రిజిస్టర్ కాని మూడేళ్ల పత్రాన్ని చూపించి ‘ఇంకా రెండేళ్ల అద్దె బాకీ’ అని అడగడానికి ఆధారం ఉండదు. పత్రం ఏదీ లేకుండా నోటిమాటతో ఇచ్చిన ఇళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. పదకొండు నెలల గడువు ముగిశాక కొత్త పత్రం రాసుకోకుండా యజమాని అద్దె తీసుకుంటూ పోతే, వేరే ఒప్పందం లేనప్పుడు, 116వ సెక్షన్ కింద అది కూడా నెలసరి అద్దెగానే సాగుతుంది.

అద్దె నియంత్రణ చట్టం ఈ విషయంలో పెద్దగా అక్కరకు రాదు. తెలంగాణలో అమల్లో ఉన్న 1960 నాటి చట్టం ప్రధానంగా యజమాని ఖాళీ చేయించే సందర్భాల గురించి రాసింది. 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లు దాని పరిధిలోకి రావు. నేటి అద్దెల్లో అత్యధిక భాగం ఆ గీత పైనే ఉన్నాయి.

నోటీసు, లాక్-ఇన్

గడువు రాసి, మధ్యలో వెళ్లే వీలు రాయకపోతే అద్దెదారు ఆ గడువంతటికీ కట్టుబడినట్టే. అయితే చాలా అగ్రిమెంట్లలో ‘ఇరుపక్షాల్లో ఎవరైనా ఒక నెల నోటీసుతో ముగించవచ్చు’ అన్న షరతు ఉంటుంది. అది ఉంటే గడువుకు ముందు వెళ్లడం ఒప్పంద భంగం కానే కాదు. నోటీసు కాలానికి అద్దె కట్టి, ఇల్లు అప్పగిస్తే బాధ్యత తీరిపోతుంది. నోటీసు ఇవ్వకుండా వెళ్తే ఆ కాలపు అద్దె వరకే యజమాని కోరగలరు.

లాక్-ఇన్ షరతు దీనికి పరిమితి పెడుతుంది. మొదటి ఆరు నెలలు లాక్-ఇన్ అని రాసి ఉంటే ఆ లోపల నోటీసు హక్కు పనిచేయదు. లాక్-ఇన్ ఒక పక్షానికే వర్తిస్తుందా, ఇద్దరికీ వర్తిస్తుందా అన్నది పత్రంలోని మాటలను బట్టి తేలుతుంది.

నోటీసు రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలని 106వ సెక్షన్ చెబుతుంది. దాన్ని పోస్టులో పంపవచ్చు, స్వయంగా ఇవ్వవచ్చు, ఇంట్లోవారికి అందజేయవచ్చు. అవేవీ సాధ్యం కానప్పుడు ఇంటి మీద అందరికీ కనిపించేచోట అంటించవచ్చు. గడువు లెక్క నోటీసు అందిన రోజు నుంచి మొదలవుతుంది. వాట్సాప్ సందేశం, ఫోన్‌లో చెప్పిన మాట ఇప్పుడు మామూలయ్యాయి. అయినా రిజిస్టర్ పోస్టు లేదా అగ్రిమెంటులో పేర్కొన్న ఈమెయిల్ ద్వారా కూడా పంపితే తేదీ గురించి పేచీ రాదు. నోటీసు అందుకున్న యజమాని కూడా జవాబు రాతలోనే ఇవ్వాలి. నోటీసు అందిన తేదీ, ఒప్పందంలోని షరతు, అప్పగింత తేదీ, అప్పటికి ఉన్న బాకీలు అందులో ఉంటే తర్వాతి లెక్కకు అదే పునాది అవుతుంది.

కారణానికి ఎంత విలువ

ఉద్యోగం పోవడం, బదిలీ, పిల్లల చదువు, సొంతిల్లు సిద్ధమవడం, ఇంట్లో అనారోగ్యం వంటివి అద్దెదారు చెప్పే సాధారణ కారణాలు. వీటిలో ఏదీ దానంతటది భారతీయ చట్టంలో ఒప్పందాన్ని రద్దు చేయదు. బదిలీ అయితే నోటీసుతో వెళ్లవచ్చన్న షరతు ముందే రాసుకున్నప్పుడే అది హక్కు అవుతుంది.

యజమాని వైపు లోపం ఉన్నప్పుడు పరిస్థితి వేరు. ఇంట్లో దాగి ఉన్న ముఖ్యమైన లోపాన్ని ముందే చెప్పాలి, అద్దె కడుతున్నంత కాలం ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించనివ్వాలి అని 108వ సెక్షన్ యజమాని మీద బాధ్యత పెట్టింది. చేయించాల్సిన మరమ్మతు చెప్పినా చేయించకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో మినహాయించుకోవచ్చు. వేసవిలో బోరు ఎండిపోయి నెలల తరబడి నీళ్లు రాని ఫ్లాటును వదిలి వెళ్తున్నవారి విషయంలో లాక్-ఇన్ అద్దె కోరే యజమాని ముందుగా తన బాధ్యత నెరవేర్చినట్టు చూపించాల్సి ఉంటుంది.

ప్రకృతి విపత్తులకు అదే సెక్షన్‌లో ప్రత్యేక నిబంధన ఉంది. అగ్ని, తుఫాను, వరద వంటి వాటివల్ల ఇంటిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, ఉద్దేశించిన పనికి శాశ్వతంగా పనికిరాకుండా పోయినా లీజును రద్దు చేసుకునే ఎంపిక అద్దెదారుది. ఇక్కడ ‘శాశ్వతంగా’ అన్నది కీలకం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలు రోజుల తరబడి నీట మునిగాయి. గోడ కూలి నివాసానికి పనికిరాని ఇంటికి ఈ నిబంధన వర్తిస్తుంది. నీరు తగ్గాక శుభ్రం చేస్తే ఉండగలిగిన ఇంటికి వర్తించడం కష్టం.

అనుకోని పరిస్థితుల్లో ఒప్పందం నెరవేర్చడం అసాధ్యమైతే అది రద్దవుతుందన్న ఒప్పందాల చట్టం 56వ సెక్షన్ లీజులకు వర్తించదని సుప్రీంకోర్టు 1968లోనే చెప్పింది. స్వాధీనం ఇచ్చేశాక లీజు కేవలం ఒప్పందం కాదు, ఆస్తిలో హక్కు బదిలీ కూడా అని దాని వాదం. కరోనా లాక్‌డౌన్ కాలంలో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక దుకాణం కేసులో 2020 మేలో ఢిల్లీ హైకోర్టు ఇదే దారి పట్టింది. దుకాణం మూతపడిందన్న కారణంతో అద్దె నిలిపివేయడానికి ఒప్పుకోలేదు, చెల్లింపు గడువును మాత్రం కొంత సడలించింది.

నష్టం లెక్క

లాక్-ఇన్‌లో మిగిలిన అద్దె మొత్తం యజమానికి తప్పక రావలసిన అప్పు అన్న నమ్మకం బలంగా ఉంది. ఒప్పందాల చట్టం 74వ సెక్షన్ అలా చెప్పదు. ఒప్పంద భంగానికి ముందే రాసుకున్న మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానిలోపల సమంజసమైన పరిహారమే దక్కుతుంది. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1963లో స్థిరపరిచింది. 2015లో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఒక స్థలం వేలంలో ధరావతును జప్తు చేసిన కేసులో మరింత విడమరిచింది. నష్టమే జరగనప్పుడు పరిహారం లేదనీ, నష్టాన్ని రుజువు చేయడం సాధ్యమయ్యే సందర్భంలో రుజువు చేయాల్సిందేననీ చెప్పింది. లాక్-ఇన్ అద్దె నిర్ధారితమైన బాకీ కాదనీ, విచారణలో తేల్చవలసిన నష్టపరిహారపు క్లెయిమ్ అనీ ఢిల్లీ హైకోర్టు 2012లో ఒక కంపెనీ కేసులో పేర్కొంది.

73వ సెక్షన్ వివరణ దీనికి రెండో భాగం. నష్టాన్ని అంచనా వేసేటప్పుడు, దాన్ని తగ్గించుకోవడానికి యజమానికి అందుబాటులో ఉన్న మార్గాలనూ లెక్కలోకి తీసుకోవాలి. ఇల్లు ఖాళీ అయ్యాక టు-లెట్ బోర్డు పెట్టకుండా, వచ్చినవారికి ఇల్లు చూపించకుండా ఆరు నెలలు ఊరుకుని ఆ అద్దె అంతా కోరితే ఈ వివరణ అడ్డువస్తుంది. అలాగని మొదట వచ్చిన ఎవరికైనా, ఎంత తక్కువకైనా ఇవ్వమని చట్టం అడగదు. సహేతుకమైన ప్రయత్నం చాలు. ఆ ప్రయత్నానికి స్థానిక పరిస్థితులు కొలత. ఆషాఢం, మూఢం రోజుల్లో ఇల్లు మారేవారు తగ్గుతారు కాబట్టి ఖాళీ కాలం పెరగడం సహజం. బడులు తెరిచే ముందు ఏప్రిల్, మే నెలల్లో ఖాళీ అయిన ఇంటికి త్వరగా మనుషులు దొరుకుతారు.

ఒక ఉదాహరణతో లెక్క స్పష్టమవుతుంది. అద్దె నెలకు 25,000 రూపాయలు, మెయింటెనెన్స్ 3,000, అడ్వాన్స్ 50,000, లాక్-ఇన్ ఆరు నెలలు అనుకుందాం. అద్దెదారు నాలుగు నెలలు పూర్తిచేసి వెళ్తున్నారు. లాక్-ఇన్‌లో మిగిలింది రెండు నెలలు, అంటే అద్దె కింద గరిష్ఠ బాధ్యత 50,000. కొత్తవారు పద్దెనిమిది రోజులకు 24,000 అద్దెకు వచ్చారు. ఖాళీగా ఉన్న రోజుల అద్దె 15,000, మెయింటెనెన్స్ 1,800. మిగిలిన నలభై రెండు రోజులకు నెలకు వెయ్యి చొప్పున తగ్గిన అద్దె 1,400. చివరి కరెంటు బిల్లు బాకీ మరో 1,400. మొత్తం 19,600 మినహాయించి 30,400 తిరిగి ఇవ్వాలి. అడ్వాన్స్ అంతా ఉంచుకుంటే యజమానికి జరిగిన నష్టం కన్నా ముప్పై వేలకు పైగా ఎక్కువ దక్కినట్టు అవుతుంది. ఏమీ మినహాయించకపోతే పద్దెనిమిది రోజుల ఖాళీ భారమంతా యజమాని మీదే పడుతుంది.

బ్రోకర్ కమీషన్‌నూ, పెయింటింగ్ ఖర్చునూ పూర్తిగా అద్దెదారు మీద వేయడం వివాదాస్పదం. గడువు పూర్తయి వెళ్లినా అవి వచ్చే ఖర్చులే. ముందుగా రావడం వల్ల అదనంగా పడిన భాగమే నష్టంలోకి వస్తుంది. ఖాళీ చేసేటప్పుడు ఒక నెల అద్దె పెయింటింగ్‌కు ఇవ్వాలని పత్రంలోనే రాసుకుని ఉంటే ఆ షరతు ప్రకారం నడుచుకోవచ్చు.

అడ్వాన్స్

అడ్వాన్స్ బాకీలకు, పాడైన వస్తువులకు హామీ. హైదరాబాద్‌లో ఇళ్లకు రెండు మూడు నెలల అద్దె అడ్వాన్స్‌గా తీసుకోవడం సాధారణం. బెంగళూరులో స్థిరపడిన తెలుగువారు ఇంతకన్నా చాలా ఎక్కువ ఇచ్చుకోవలసి వచ్చేది, పది నెలల అద్దె అక్కడ ఏళ్లపాటు మామూలు. అడ్వాన్స్ పెద్దదైన కొద్దీ ముందుగా వెళ్లేవారి బేరమాడే శక్తి తగ్గుతుంది. కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం ఇళ్లకు రెండు నెలలు, వ్యాపార స్థలాలకు ఆరు నెలలు అని పరిమితి పెట్టింది. బాకీలు మినహాయించి, ఇల్లు స్వాధీనం చేసుకున్న రోజే మిగతాది తిరిగి ఇవ్వాలని చెప్పింది. అద్దెలు రాష్ట్రాల పరిధిలోని అంశం కాబట్టి రాష్ట్రం తన చట్టంగా చేసుకున్నచోటే ఇలాంటి నిబంధనలకు బలం వస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2017లోనే నివాస, నివాసేతర ప్రాంగణాలకు వేరే అద్దె చట్టం చేసింది.

వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు అడ్వాన్స్‌లో కోతలు చెల్లవు. ఇల్లు తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి ఇవ్వాలని చెప్పే 108వ సెక్షన్‌లోనే ఈ మినహాయింపు ఉంది. రంగు వెలిసిన గోడ సహజ అరుగుదల. పగిలిన వాష్‌బేసిన్ కాదు.

బదులు అద్దెదారు, ఉమ్మడి అద్దె

వెళ్లేవారు తమ బదులు మరొకరిని చూపించడం ఇద్దరికీ లాభకరమైన పరిష్కారం. ఒప్పందంలో నిషేధం లేకపోతే లీజును మరొకరికి బదిలీ చేసే హక్కును 108వ సెక్షన్ ఇస్తుంది. ఆచరణలో దాదాపు ప్రతి అగ్రిమెంటూ ఉప అద్దెను నిషేధిస్తుంది. కాబట్టి యజమాని కొత్తవారితో నేరుగా కొత్త పత్రం రాసుకోవడం, పాతవారి ఒప్పందాన్ని ముగించడం మేలు. చూపించిన మనిషి ఆదాయం, గుర్తింపు, పాత ఇంటి వివరాలు సరిగ్గా ఉన్నా కారణం చెప్పకుండా తిరస్కరించి, ఆ తర్వాత ఖాళీ కాలపు అద్దె అడిగితే నష్టాన్ని తగ్గించే ప్రయత్నం జరగలేదన్న వాదనకు అవకాశం ఇచ్చినట్టే.

నలుగురు ఉద్యోగులు కలిసి తీసుకున్న ఫ్లాటు నుంచి ఒకరు వెళ్తామన్నప్పుడు లీజు ముగియదు. అందరూ సంతకం చేసి ఉంటే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొత్తం అద్దెను వారిలో ఎవరి నుంచైనా కోరే హక్కును ఒప్పందాల చట్టం 43వ సెక్షన్ యజమానికి ఇస్తుంది. వెళ్లేవారి వాటా అడ్వాన్స్‌ను వచ్చేవారి నుంచి సర్దుకోవడం వారిలో వారి విషయం. యజమాని చేయాల్సింది కొత్త పేరుతో అనుబంధ పత్రం రాయించుకోవడం.

అప్పగింత

ఇద్దరి అంగీకారంతో గడువుకు ముందు లీజు వదులుకోవడాన్ని ఆస్తి బదిలీ చట్టం 111వ సెక్షన్ గుర్తిస్తుంది. మాటతోనే ఇది సాధ్యమైనా, చిన్న పత్రం రాసుకుంటే తర్వాత తగాదా ఉండదు. అందులో ఇల్లు అప్పగించిన తేదీ, తాళాల సంఖ్య, కరెంటు మీటరు రీడింగు, మెయింటెనెన్స్, గ్యాస్, ఇంటర్నెట్ బాకీలు, అడ్వాన్స్ లెక్క, మిగతా సొమ్ము ఇచ్చే తేదీ, ఇకపై ఎవరికీ ఎవరూ బాకీ లేరన్న వాక్యం ఉండాలి. గదుల ఫొటోలు తీసి ఇద్దరూ ఉంచుకోవాలి. ఏడాదికి మించిన రిజిస్టర్ లీజు అయితే వదులుకునే పత్రాన్నీ రిజిస్టర్ చేయించడం క్షేమం. నెలకు 50,000 దాటిన అద్దె కట్టే వ్యక్తులు అద్దె మీద మూలంలో మినహాయించాల్సిన పన్నును, ఏడాది మధ్యలో ఖాళీ చేస్తే చివరి నెలలోనే మినహాయించి కట్టాలి.

బాకీ తీరలేదని సామాను వెళ్లనివ్వకపోవడం, నీళ్లు, కరెంటు ఆపేయడం యజమానికి చట్టం ఇచ్చిన మార్గాలు కావు. అవి బాకీ వసూలును తేలిక చేయవు, ఎదురు ఫిర్యాదుకు చోటిస్తాయి.

చెప్పాపెట్టకుండా తాళం వేసి వెళ్లిపోయినవారి విషయంలోనూ తొందరపాటు పనికిరాదు. తెలిసిన చిరునామాకు నోటీసు పంపి, ఇంటికి కూడా అంటించి, జవాబు కోసం ఆగాలి. సామాను లోపల ఉన్నంతవరకు స్వాధీనం ఇంకా అద్దెదారుదే అన్న వాదన నిలుస్తుంది. తాళం పగలగొట్టడం కన్నా న్యాయవాది ద్వారా కోర్టు ఉత్తర్వు తెచ్చుకోవడమే సురక్షితం. అద్దెదారు మరణించినప్పుడు లీజు హక్కు వారసులకు వెళ్తుంది కాబట్టి అప్పగింత పత్రం మీద వారసుల సంతకాలు అవసరం.

వ్యాపార స్థలాలు

మాదాపూర్, గచ్చిబౌలి వంటిచోట్ల కార్యాలయాల లీజులకు లెక్క వేరుగా ఉంటుంది. యజమాని అద్దెదారు అవసరం కోసం ప్రత్యేకంగా పెట్టుబడి పెడతారు, లోపలి పనులు జరిగే నెలలకు అద్దె వదిలేస్తారు. ఆ ఖర్చు తిరిగి రావడానికే మూడేళ్లు, అయిదేళ్లు లాక్-ఇన్ పెడతారు. మధ్యలో వెళ్తే వదిలేసిన అద్దెలోనూ, పెట్టుబడిలోనూ ఇంకా రాబట్టుకోని భాగం నిజమైన నష్టమే. దాన్ని లెక్కకట్టే పద్ధతిని పత్రంలోనే రాసుకుంటే పరిహారం సమంజసమని చూపించడం తేలిక. అద్దెదారు బిగించిన సామగ్రిని స్వాధీనం ఉన్నంతకాలం విప్పుకుపోవచ్చు, స్థలాన్ని మునుపటి స్థితికి తేవాలి.

అమెరికాలో తెలుగువారు

అమెరికాలో చదువు, ఉద్యోగాల కోసం ఉన్న తెలుగువారికి ఈ సమస్య తరచూ ఎదురవుతుంది. ఉద్యోగం మారితే నగరమే మారుతుంది, అక్కడి అపార్ట్‌మెంట్ లీజు సాధారణంగా ఏడాదిది. నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారతాయి. టెక్సస్‌లో అద్దెదారు మధ్యలో వెళ్లినా నష్టాన్ని తగ్గించే బాధ్యత యజమానికి ఉంది, ఆ బాధ్యతను వదులుకునే షరతు చెల్లదు. న్యూయార్క్ 2019లో ఇళ్లకు ఇలాంటి బాధ్యతనే చట్టం చేసింది. ఫ్లోరిడాలో అద్దెదారు ముందే అంగీకరించి ఉంటే రెండు నెలల అద్దెకు మించని రుసుముతో లీజు తెంచుకోవచ్చు. సైనిక విధులపై వెళ్లేవారికి మాత్రం దేశమంతటా వర్తించే ఫెడరల్ చట్టం ఉంది.

తగాదా ముదిరితే

రాజీ కుదరనప్పుడు మొదటి మెట్టు జిల్లా న్యాయసేవాధికార సంస్థ. కేసు వేయకముందే లోక్ అదాలత్‌కు వెళ్లవచ్చు, కోర్టు ఫీజు ఉండదు, అక్కడ కుదిరిన రాజీకి 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ప్రకారం సివిల్ డిక్రీ విలువ ఉంటుంది. ఆస్తి బదిలీ చట్టం కిందికి వచ్చే లీజు తగాదాలను, ఒప్పందంలో షరతు ఉంటే, మధ్యవర్తి పరిష్కరించవచ్చని సుప్రీంకోర్టు 2020 డిసెంబరులో తేల్చింది. ప్రత్యేక అద్దె నియంత్రణ చట్టాల కిందికి వచ్చేవి దీనికి మినహాయింపు. సివిల్ కోర్టులో అద్దె బాకీకి మూడేళ్లలోపు దావా వేయాలి. ఒకటి రెండు నెలల అద్దె కోసం దావాకు అయ్యే ఖర్చు, కాలం రెండు పక్షాలకూ బరువే కాబట్టి రాజీయే ఎక్కువసార్లు లాభం.

పత్రంలో ముందే రాసుకోవలసినవి

మధ్యలో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం మొదటి రోజు రాసుకోనివాటివల్ల వచ్చేవే. లాక్-ఇన్ ఎన్ని నెలలు, అది ఎవరికి వర్తిస్తుంది, నోటీసు ఎంత, ఏ మార్గంలో ఇవ్వాలి అన్నవి స్పష్టంగా ఉండాలి. బదిలీ, ఉద్యోగం పోవడం వంటి సందర్భాలకు తక్కువ పరిహారంతో వెళ్లే వీలు పెట్టుకోవచ్చు. లాక్-ఇన్ తెగితే ‘కొత్త అద్దెదారు వచ్చేవరకు లేదా ఒక నెల వరకు, ఏది తక్కువైతే అది’ అన్న రీతిలో పరిహారం రాసుకుంటే అది నిజమైన నష్టానికి దగ్గరగా ఉంటుంది, కోర్టులోనూ నిలుస్తుంది. బదులు అద్దెదారును చూపించే హక్కు, నోటీసు కాలంలో ఇల్లు చూపించడానికి సహకరించే బాధ్యత, పెయింటింగ్ ఖర్చు ఎవరిది, అడ్వాన్స్ ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలి అన్నవి కూడా చేర్చాలి. గడువు ఏడాది దాటితే ఈ పత్రాన్ని రిజిస్టర్ చేయించాలి, లేకపోతే పైన రాసుకున్న గడువుకూ లాక్-ఇన్‌కూ బలం ఉండదు.